యూట్యూబ్ చానల్ పాఠాలు – 7: మొదటి అర నిమిషం, మూడు భాషల పేచీ

ఈ పాఠంలో ఎండ్ స్క్రీన్లు (వీడియో చివర ఇంకో వీడియో చూడమని చూపే పలకలు), ప్లేలిస్టులు చెబుతానని పోయినసారి అన్నాను. అవి ఎనిమిదో పాఠానికి జరిగాయి. ఆరో పాఠం చదివి టైటిల్, థంబ్‌నెయిల్ (నొక్కకముందు కనబడే బొమ్మ) మార్చిన వాళ్లు పంపిన స్క్రీన్‌షాట్లన్నీ వరసపెట్టి చూశాక, వాటి సంగతి తేల్చకుండా ముందుకు వెళ్లడం కుదరదనిపించింది. చివరిదాకా ఎవరూ ఉండని వీడియోకు ఎండ్ స్క్రీన్ ఎంత అందంగా పెట్టినా చూసేదెవరు?

జరిగింది ఇది. టైటిల్ మార్చిన వాళ్లలో ఎక్కువ మందికి క్లిక్కుల శాతం, అంటే థంబ్‌నెయిల్ వందసార్లు కనబడితే ఎన్నిసార్లు నొక్కారన్నది, పెరిగింది. ఆ అంకె చుట్టూ ఎర్ర సున్నా చుట్టి, పక్కన చప్పట్ల బొమ్మ పెట్టి పంపారు. సంతోషం. అదే తెరమీద, దాని పక్కనే, సగటు వీక్షణ సమయం అని ఇంకో అంకె ఉంది. అది కింద పడింది. దాని చుట్టూ సున్నా చుట్టినవాళ్లు ఒక్కరూ లేరు.

క్లిక్కుల శాతం గురించి ఒక మాట చెప్పి వదిలేస్తాను. యూట్యూబ్ తన సహాయ పేజీల్లో రాసిన దాని ప్రకారం సగం చానళ్లకు, వీడియోలకు ఆ శాతం 2కు, 10కి మధ్య ఉంటుంది. కాబట్టి 4 వచ్చిందని దిగులు వద్దు, 9 వచ్చిందని మిఠాయిలు పంచనూ వద్దు.

ఇప్పుడు కాగితం తీసుకుని నాతోపాటు లెక్క వేయండి. మీ థంబ్‌నెయిల్ 1000 సార్లు కనిపించింది అనుకుందాం. పాత టైటిల్‌తో 40 మంది నొక్కారు, సగటున మూడు నిమిషాలు చూశారు. మొత్తం 120 నిమిషాలు. కొత్త టైటిల్‌తో 60 మంది నొక్కారు, సగటున 48 సెకన్లు చూశారు. మొత్తం 48 నిమిషాలు. క్లిక్కులు ఒకటిన్నర రెట్లయ్యాయి, చూసిన సమయం సగం కూడా మిగల్లేదు.

ప్రకటనల ఆదాయానికి అర్హత రావాలంటే 1000 మంది సబ్‌స్క్రైబర్లతో పాటు గడిచిన 12 నెలల్లో 4000 గంటల వీక్షణ ఉండాలని మీకందరికీ కంఠస్థం. దాన్ని నిమిషాల్లోకి మారిస్తే 2,40,000. మనిషికి మూడు నిమిషాల చొప్పున అయితే 80,000 వ్యూస్ చాలు. 48 సెకన్ల చొప్పున అయితే 3,00,000 కావాలి. షార్ట్స్ (చిన్న నిలువు వీడియోలు) పెట్టి ఈ గంటలు నింపేద్దామనుకునే వాళ్లకు ముందే చెబుతున్నాను: షార్ట్స్ ఫీడ్‌లో చూసిన సమయం ఈ 4000లో కలవదు. ఆ దారికి లెక్క వేరు, 90 రోజుల్లో కోటి వ్యూస్.

టైటిల్ తన పని తాను చేసింది. వచ్చిన మనిషిని వీడియో నిలబెట్టలేకపోయింది. ఎక్కడ నిలబెట్టలేకపోయిందో చూద్దాం.

గీతను చదవడం

యూట్యూబ్ స్టూడియోలో, అంటే చానల్ అంకెలు చూసుకునే చోట, ప్రతి వీడియోకూ ప్రేక్షకులు ఎంతసేపు ఉన్నారో చూపే గీత ఉంటుంది. అది ఎక్కడుందో చెప్పను, మీలో సగం మంది రోజంతా అక్కడే కాపురం ఉంటున్నారు. (నేను వారానికి ఒకసారి, ఆదివారం పొద్దున చూస్తాను. రోజూ చూస్తే వీడియో తీయబుద్ధి కాదు.) కొత్త వీడియోకు గీత సరిగ్గా రావడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది, అంతదాకా వీడియోను కదపకండి.

గీత నెమ్మదిగా దిగుతుంటే అది సహజం. మధ్యలో పైకి లేచిన చోటు ఉంటే జనం వెనక్కి జరిపి మళ్లీ చూశారని అర్థం. కొలత చెప్పిన చోట, ముడి వేసి చూపిన చోట ఇలా లేస్తుంది. గుంట పడితే అక్కడ దాటేసి పోయారు. మీ గీతల్లో ఎక్కువవాటికి మాత్రం వీటిదాకా వెళ్లే అవసరమే రాలేదు. అవి మొదటి అర నిమిషంలోనే కొండ అంచు నుంచి జారినట్టు జారాయి. 30 సెకన్ల దగ్గర ఎంత శాతం మంది మిగిలారో స్టూడియో విడిగా చెబుతుంది. ఇకనుంచి సున్నా చుట్టాల్సిన అంకె అదే.

ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దు పక్కనున్న మన పర్లాకిమిడి నుంచి ఒకరు కొమ్ము బొమ్మల వీడియో పంపారు. మన ఊళ్లో పశువుల కొమ్ములతో దువ్వెనలు, పక్షులు, రొయ్యలు చేసే పనివాళ్లు ఉన్నారు కదా, వాళ్ల పని మీద తీశారు. టైటిల్ నాకు బాగా నచ్చింది: “ఎద్దు కొమ్ము కొంగ ఎలా అవుతుంది?” ఏడెనిమిది పదాలు అక్కర్లేదు, నాలుగైదు చాలని ఆరో పాఠంలో చెప్పింది ఆయన పట్టుకున్నారు. ఇక వీడియో తెరిస్తే వరస ఇలా ఉంది.

0:00 చానల్ గుర్తు గిరగిరా తిరుగుతూ వస్తుంది, వెనక డోలు.
0:09 నమస్కారం, మా చానల్‌కు స్వాగతం, ఇంతవరకు సబ్‌స్క్రైబ్ చేసుకోని వాళ్లు చేసుకోండి, పక్కనున్న గంట నొక్కండి.
0:26 గజపతుల కోట, బయటి గోడ, ఆకాశంలోంచి తీసిన షాట్.
0:50 గజపతి జిల్లా కేంద్రం పర్లాకిమిడి అని, 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు మన ఊరు ఇటువైపు వచ్చిందని చరిత్ర.
1:40 బజారు.
2:10 కొమ్ము.

కొమ్ము కొంగ ఎలా అవుతుందో చూద్దామని వచ్చిన మనిషికి కొమ్ము కనబడటానికి రెండు నిమిషాల పది సెకన్లు పట్టింది. 1936 గురించి ఆయన చెప్పిన దాంట్లో అబద్ధం లేదు. కానీ ఆ మనిషి దానికోసం రాలేదు. వాళ్లలో ఎక్కువ మంది గంట నొక్కమన్న చోటే వెళ్లిపోయారని గీత చెబుతోంది.

ఇదే వీడియోలో 5:32 దగ్గర ఒక షాట్ ఉంది. పనివాడి ఎడమచేతిలో బూడిదరంగు గరుకు కొమ్ము, పైన ఇంకా మట్టి ఉంది. కుడిచేతిలో పూర్తయిన కొంగ. కిటికీలోంచి వెలుతురు కొంగ మెడ మీద పడి, సన్నగా రాచిన చోట లోపలి నుంచి తేనెరంగు కనబడుతోంది. మూడు సెకన్ల షాట్. దాన్ని అక్కడ ఎందుకు దాచారో నాకు అర్థం కాలేదు. తెచ్చి 0:00 దగ్గర పెట్టండి. దానిమీద రెండే వాక్యాలు: “ఇది ఇలా ఉంటుంది, సాయంత్రానికి ఇలా అవుతుంది. మధ్యలో వేడి పెట్టే చోట చెయ్యి తప్పితే కొమ్ము పనికిరాదు.” తర్వాత నేరుగా పొయ్యి దగ్గరకు పోండి. కొమ్ము వేడికి మెత్తబడటం, దాన్ని ఒత్తడం, ఆకురాయితో రుద్దడం వరసగా రానివ్వండి. ఆకురాయి చప్పుడు వినబడాలి, దానిమీద సంగీతం పరచకండి. (నేను నా వీడియోల్లో వెనక సంగీతం పెట్టను. మీరు పెట్టుకుంటే పెట్టుకోండి, చేతిపని చూపే చోట మాత్రం ఆపండి.)

మరి కోట, చరిత్ర? పొయ్యి మీద కొమ్ము వేడెక్కుతున్నంత సేపు పనివాడూ ఖాళీ, చూసేవాడూ ఖాళీ. ఆ ముప్పై సెకన్లలో చెప్పండి. అప్పటిదాకా ఉన్నవాడికి ఊరి గురించి వినే ఓపిక ఉంటుంది. సబ్‌స్క్రైబ్ చేయమని అడగడం కూడా అంతే: చేతికి పనికొచ్చేది ఒకటి ఇచ్చాక అడగండి, ఒక్కసారే అడగండి.

మిగతావాళ్లవి గబగబా. బరంపురం అప్పడాల వీడియో పిండిమరతో మొదలైంది, వేగిన అప్పడం విరిచిన చప్పుడుతో మొదలవ్వాలి. నౌపడ–గుణుపురం రైలు మీద తీసిన వీడియోలో, 1900లో మొదలైన నారోగేజ్ మార్గం 2011లో బ్రాడ్‌గేజ్ అయి మళ్లీ తెరుచుకున్న కథ నాలుగో నిమిషంలో వస్తుంది. దానికి ముందున్నదంతా టికెట్టు కొనడం, సీటు వెతుక్కోవడం. టికెట్టు కొనడం చూడటానికి ఎవరూ ఫోను తెరవరు. రాయగడ టిఫిన్ల వీడియోకు మార్పు అక్కర్లేదు, ఆవిడ పెనం మీద నీళ్లు చిలకరించడంతోనే మొదలుపెట్టారు.

నా పద్ధతి ఒకటి చెబుతాను. మొదటి అర నిమిషాన్ని నేను చివర్లో తీస్తాను. వీడియో అంతా కత్తిరించి కూర్చాక, అందులో ఏముందో నాకే స్పష్టమయ్యాక, అప్పుడు కూర్చుని మొదటి రెండు వాక్యాలు మాట్లాడతాను. ముందే మాట్లాడితే నోటికి స్వాగతం తప్ప ఇంకేమీ రాదు. చానల్ గుర్తు తిప్పడం లాంటివి నాకు మొదటినుంచీ గిట్టవు.

పాత వీడియోలను ఏం చేయాలని అడుగుతారు. అదే చిరునామాలో పాతది తీసి కొత్త ఫైలు పెట్టడం యూట్యూబ్‌లో కుదరదు. కానీ కంప్యూటర్‌లో స్టూడియో తెరిస్తే ఎడిటర్ అని ఉంటుంది, దాంతో మొదటి ముక్క కత్తిరించవచ్చు. లింకు, వ్యూస్, కామెంట్లు అలాగే ఉంటాయి. కొమ్ము వీడియోలో 0:00 నుంచి 2:10 దాకా తీసేస్తే ఈ రాత్రికే సగం జబ్బు నయమవుతుంది. డిస్క్రిప్షన్‌లో (వీడియో కింద రాసే వివరణలో) చాప్టర్ల, అంటే వీడియో భాగాల, సమయాలు రాసి ఉంటే అవి జరిగిపోతాయి, సరిదిద్దుకోండి. మొదటి చాప్టర్ 00:00 నుంచే ఉండాలి, కనీసం మూడు ఉండాలి, ఒక్కోటి పది సెకన్లకు తగ్గకూడదు. లక్ష వ్యూస్ దాటిన వీడియోలకు ఇలా కత్తిరించడంలో కొన్ని ఆంక్షలు ఉన్నాయి. ఆ బాధ మనలో ఎవరికీ ఇంకా రాలేదు కనుక వదిలేద్దాం.

ఇక అసలు పేచీ

కాశీనగర్ నుంచి ఒక రైతు వరిలో కాండం తొలిచే పురుగు మీద వీడియో తీశారు. విషయం మంచిది, ఆయన చెప్పిందీ మంచిది. టైటిల్ చూడగానే నాకు తల తిరిగింది. ముందు తెలుగు, నిలువు గీత, తర్వాత ఒడియా, మళ్లీ నిలువు గీత, తర్వాత హిందీ, చివర రెండు నిప్పుల బొమ్మలు. ఒక్కరే అయితే ఊరుకునేవాడిని. వచ్చిన టైటిళ్లు దించి చూస్తే చాలా వాటిది ఇదే వేషం. గుణుపురం, కోరాపుట్, జయపురం, ఎవరూ తక్కువ తినలేదు.

ఎందుకు చేశారో తెలుసు. ఒడిశాలోని తెలుగువాళ్లం, మన బతుకే అలాంటిది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, టీవీలో హిందీ. కూరగాయల దగ్గర ఒక భాష, తహసీలు ఆఫీసులో ఇంకో భాష. ఒకే వాక్యం తెలుగులో మొదలై ఒడియాలో ముగిసినా మన వీధిలో ఎవరూ తల తిప్పి చూడరు. “అందరికీ అర్థమైతే అందరూ చూస్తారు” అనుకున్నారు. మీ వీధిలో అది నిజం. యూట్యూబ్‌లో కాదు. ఎందుకు కాదో విడమరిచి చెబుతాను, దీని మీద మళ్లీ ప్రశ్న రాకూడదు.

మొదటిది చోటు. టైటిల్‌కు 100 అక్షరాలే. అది మన కంటికి కనిపించే అక్షరాల లెక్క కాదు. గుణింతపు గుర్తులు, పొల్లు, అన్నీ విడివిడిగా లెక్కలోకి వస్తాయి. “పర్లాకిమిడి” మనకు ఐదక్షరాలు, కంప్యూటర్‌కు పదకొండు. అంటే తెలుగు టైటిల్‌కే చోటు ఇరుకు. దాన్ని మూడు ముక్కలు చేస్తే ఒక్కో భాషకు రెండు మూడు పదాలు మిగులుతాయి. పైగా ఫోనులో ఆ 100 కూడా పూర్తిగా కనబడవు, తోక తెగిపోతుంది. మీరు హిందీ వాళ్ల కోసం రాసింది హిందీ వాళ్లకు కనబడనే కనబడదు. తెలుగు వాళ్లకు మాత్రం సగం టైటిల్ చదవడానికి రాని లిపి.

రెండోది, యూట్యూబ్ వీడియోను ఎలా పంచుతుందనేది. అది వీడియోను పట్టుకుని జనాన్ని వెతకదు. ఒక మనిషి ఫోను తెరిచినప్పుడు ఆ మనిషికి ఏం చూపిస్తే చూస్తాడా అని వెతుకుతుంది. ఇంతకుముందు ఇలాంటివి చూసినవాళ్లు దీన్ని నొక్కారా, నొక్కాక నిలిచారా, మధ్యలో పోయారా అన్నదే దానికి ఆధారం. మీ పురుగు వీడియోను ముందు కొంతమంది తెలుగు వాళ్లకు చూపిస్తుంది, కొంతమంది ఒడియా వాళ్లకు చూపిస్తుంది. కటక్ దగ్గరి రైతు ఒడియా టైటిల్ చూసి నొక్కుతాడు, మీరు తెలుగులో మొదలుపెడతారు, ఆయన పది సెకన్లలో పోతాడు. ఇలా పోయినవాళ్లంతా మీ గీతను కిందికి లాగుతారు. అదే వీడియో తెలుగు వాళ్లకు మాత్రమే వెళ్లి ఉంటే నిలబడేది.

మూడోది సబ్‌స్క్రైబర్లు. ఒడియాలో చెప్పిన వీడియో చూసి ఒకరు చేరారు. మీ తర్వాతి మూడు వీడియోలు తెలుగులో వచ్చాయి. ఆయనకు కనబడతాయి, ఆయన నొక్కడు. మూడుసార్లు నొక్కని మనిషికి నాలుగోసారి మీది ఎందుకు చూపించాలి? నాలుగోది ఒడియా వీడియోనే అయినా ఆయన దాకా పోదు. సబ్‌స్క్రైబర్ల సంఖ్య పెరుగుతుంటుంది, కొత్త వీడియో పెడితే కదలిక ఉండదు. “చానల్ చచ్చిపోయింది గురువుగారూ” అని నాకు రాస్తారు. (సబ్‌స్క్రైబ్ మార్పిడి వాట్సాప్ గుంపుల్లో చేరినవాళ్లకూ సరిగ్గా ఇదే జరుగుతుంది. పైగా అది యూట్యూబ్ నియమాలకే విరుద్ధం. దాని గురించి ఇంతకంటే రాయను.)

నాలుగోది, మధ్యలో భాష మార్చడం. ఇది టైటిల్ కంటే ప్రమాదం, ఎందుకంటే చేస్తున్నట్టు మీకే తెలియదు. గుణుపురంలో ఒక టైలరు గారు బ్లౌజు కటింగ్ నేర్పుతారు. చాలా చక్కటి చెయ్యి. చంక కొలత గీస్తూ ఉంటారు, దుకాణంలోకి ఎవరో వస్తారు, ఆయన ఒడియాలోకి తిరుగుతారు, అలా తిరిగినవారు తర్వాతి కొలత కూడా ఒడియాలోనే చెప్పేస్తారు. ఆయన గీతలో నాలుగు గుంటలున్నాయి. సమయాలు పెట్టి చూశాను, నాలుగూ అవే చోట్లు. నరసాపురంలోనో ఖమ్మంలోనో కూర్చుని గుడ్డ మీద సుద్ద పట్టుకున్న అమ్మాయికి ఆ కొలత పోయింది. కొలత పోయిన కటింగ్ పాఠం ఎందుకు? ఆ అమ్మాయి ఇంకో చానల్‌కు పోయింది.

“మా వీధిలో అందరికీ రెండూ వచ్చు కదా” అంటారు. మీ వీధి వాళ్లు మీ వీడియో చూడరు. చూస్తే మొహమాటానికి ఒకసారి చూస్తారు, అదీ ఇరవై సెకన్లు. తెలుగులో తీసే చానల్‌కు జనం శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా ఉన్నారు, ఒడియాలో తీసే చానల్‌కు బాలేశ్వర్ దాకా ఉన్నారు. మన సరిహద్దు వీధి ఆ రెండింటి మధ్య సన్నటి గట్టు. గట్టు మీద నిలబడి రెండు పొలాలూ దున్నలేం.

ఏ భాష ఎంచుకోవాలి? నా గుర్తు ఒకటే. డబ్బు లెక్క మనసులో ఏ భాషలో పెడతారో ఆ భాషలో తీయండి. ఆ భాషలో మీరు తడుముకోరు. తెలుగు ఎంచుకున్నారా, మన తెలుగే మాట్లాడండి, హైదరాబాద్ యాంకర్ల గొంతు తెచ్చిపెట్టుకోవద్దు. మన యాసలో చెప్పిన మాట ఎవరికైనా కొత్తగా ఉంటే కామెంట్లో అడుగుతారు, అడగనివ్వండి. ఒడియా ఎంచుకుంటే అదీ మంచిదే, నాకు పట్టింపు లేదు. రెండూ కావాలంటే రెండు చానళ్లు పెట్టండి. ఒకే గూగుల్ ఖాతా కింద పెట్టుకోవచ్చు. కానీ 1000, 4000 లెక్క దేనికది విడిగా నిండాలి. రెండు చానళ్లను పోషించే ఓపిక ఉందా అని ముందు ఇంట్లో అడగండి.

ఒడియా వాళ్లకు అసలేమీ చేయొద్దా అంటే, చేయడానికి సరైన చోట్లున్నాయి. స్టూడియోలో భాషలు, సబ్‌టైటిళ్లు చూసుకునే పేజీలోకి వెళ్తే ఇంకో భాష చేర్చే వీలుంది. అక్కడ టైటిల్‌కు, డిస్క్రిప్షన్‌కు ఒడియా అనువాదం రాసి పెట్టండి. యూట్యూబ్‌ను ఒడియాలో వాడేవాళ్లకు ఆ టైటిలే కనబడుతుంది, మిగతావాళ్లకు మీ తెలుగు టైటిల్ చెక్కు చెదరకుండా ఉంటుంది. ఫోను భాష ఇంగ్లీషులోనే ఉంచుకున్నవాళ్లకు ఇది ఉపయోగపడదు, మనలో అలాంటివాళ్లే ఎక్కువ కాబట్టి పెద్దగా ఆశలు పెట్టుకోకండి. దానికంటే చేత్తో రాసిన ఒడియా సబ్‌టైటిళ్లు మేలు. పక్కింటి కాలేజీ పిల్లతో రాయించి, ఆ పిల్లకు డబ్బులివ్వండి.

ఒకటి మాత్రం కలగాపులగం కిందికి రాదు. మీ వీడియోలో కనిపించే మనిషి తన భాషలో మాట్లాడటం. కొమ్ము పనివాడు ఒడియాలో చెబితే ఒడియాలోనే చెప్పనివ్వండి, సవర గిరిజనుల ఊళ్లో ముసలమ్మ సవరలో చెబితే అలాగే ఉంచండి, కింద తెలుగు అక్షరాలు వేయండి. ఆమె చేత వచ్చీరాని తెలుగు పలికించి వీడియో పాడుచేయకండి. గిడుగు రామమూర్తి గారు మన పర్లాకిమిడిలోనే బడిపంతులుగా ఉంటూ, సవర పిల్లలకు వాళ్ల భాషలో చదువు చెప్పించాలని ముందు తాను సవర నేర్చుకున్నారు. మనకు సబ్‌టైటిల్ రాయడానికి బద్ధకం.

ట్యాగుల సంగతి కూడా ఇక్కడే. ట్యాగులు (వెతుకులాటలో దొరకడానికి వీడియోకు తగిలించే మాటలు) నింపడానికి గంటలు పోసేవాళ్లున్నారు. జనం తప్పుగా రాసే పేర్లకు తప్ప వాటివల్ల ఒరిగేది తక్కువని యూట్యూబే చెబుతుంది. మన ఊళ్ల పేర్లు సరిగ్గా ఆ బాపతు. పర్లాకిమిడి, పర్లాఖెముండి, పారలాఖెముండి, ఎవరికి తోచినట్టు వాళ్లు వెతుకుతారు. బరంపురం, బ్రహ్మపుర్ కూడా అంతే. ఆ రూపాలన్నీ ట్యాగుల్లో వేసి, టైటిల్‌లో ఒక్కటే ఉంచండి.

మధ్యలో వచ్చిన ఒక ప్రశ్నకు జవాబు: బరంపురం ఠాకురాణి జాతర వీడియోలో వెనక మైకులో సినిమా పాట వినబడుతోంది, కాపీరైట్ నోటీసు వచ్చింది, చానల్ పోతుందా? పోదు. మీకు వచ్చింది క్లెయిమ్. ఆ వీడియో మీద వచ్చే డబ్బు పాట హక్కుదారుకు పోవచ్చు, లేదా ఆ వీడియో ఆగిపోవచ్చు, అంతవరకే. స్ట్రైక్ వేరు, 90 రోజుల్లో అలాంటివి మూడు పడితే చానలే తీసేస్తారు. ఆ పాట ముక్కకు మాత్రం గొంతు నొక్కే సదుపాయం స్టూడియోలోనే ఉంది.

అభ్యాసం

ఈసారిది ఒళ్లొంచి చేయాలి. వారం తీసుకోండి.

గీత బాగా జారిన వీడియో ఒకటి ఎంచుకోండి. దాని మొదటి నిమిషంలో మీరు పలికిన ప్రతి మాటా కాగితం మీద చేత్తో రాయండి, పక్కన సెకన్లు వేయండి. టైప్ చేయొద్దు, ఫోను చేత రాయించొద్దు. చేత్తో రాస్తే తప్ప ఎంత సోది చెప్పామో తెలియదు.

తర్వాత ఐదుగురిని వెతకండి. ఇంట్లోవాళ్లు, చుట్టాలు, మీకు బాకీ ఉన్నవాళ్లు పనికిరారు. కనీసం ఇద్దరు మీ ఊరివాళ్లు కాకూడదు. పాతపట్నం, పార్వతీపురం వైపు వాళ్లయితే మంచిది, అప్పుడు మీ భాషలో ఒడియా ఎంత చొరబడిందో కూడా బయటపడుతుంది. ఒక్కొక్కరికీ ముందు టైటిల్, థంబ్‌నెయిల్ మాత్రమే చూపించి “ఇందులో ఏముంటుందనుకుంటున్నారు?” అని అడగండి. వాళ్లన్నది వాళ్ల మాటల్లోనే రాసుకోండి. తర్వాత ఫోను వాళ్ల చేతికిచ్చి నోరు మూసుకుని కూర్చోండి. “ముందుంది, చూడండి” అని ఒక్క మాటన్నా ఆ మనిషి లెక్కకు రాడు. చూపు తెరమీంచి పక్కకు పోయిన సెకను, బొటనవేలు కదిలిన సెకను కాగితం మీద వేయండి.

ఐదుగురూ చెప్పిన “ఏముంటుంది”ని, మీ మొదటి షాట్‌ను పక్కపక్కన పెట్టండి. వాళ్లు అడగని వాక్యాలన్నీ కొట్టేయండి. మిగిలిన దాంతో అదే వీడియోకు మూడు వేర్వేరు ప్రారంభాలు తీయండి, ఒక్కోటి ముప్పై సెకన్లు మించకుండా. ఒకటి పూర్తయిన వస్తువుతో, ఒకటి పని చెడిపోయే చోటుతో, మూడోది మీ ఇష్టం. వాటిని ఇంకో ఐదుగురికి చూపించండి. పాతవాళ్లకు చూపిస్తే కుదరదు, వాళ్లకు కథ తెలిసిపోయింది.

ముగ్గురికి పైగా అర నిమిషం దాటి చూసిన ప్రారంభాన్ని ఉంచి, దాంతో కొత్త వీడియోగా పెట్టండి. పాతదాన్ని ఎడిటర్‌లో కత్తిరించి అలాగే ఉంచండి, తీసేయకండి. పది రోజులయ్యాక రెండింటి 30 సెకన్ల శాతం పోల్చి, ఆ రెండు అంకెలతో పాటు చేతిరాత కాగితం ఫొటో పంపండి. వీడియో లింకులు పంపొద్దు. సెకన్లు వేయని కాగితాలు, మూడు లిపుల టైటిళ్లు వస్తే జవాబు ఇవ్వను.